ప్లేట్‌లెట్లను మింగే గడ్డ

పసిపిల్లల్లో అరుదుగా పుట్టే ఒక రకం రక్తనాళాల కణితి, రక్తంలోని ప్లేట్‌లెట్లను తనలోకి లాక్కుని పట్టి ఉంచుతుంది. రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ కూడా అక్కడే ఖర్చయిపోతుంది. కణితి లోపల అవసరం లేకుండానే రక్తం గడ్డకడుతూ ఉంటుంది. మిగతా ఒంట్లో గడ్డకట్టాల్సిన చోట కట్టదు. ఈ స్థితిని వైద్యులు కాసబాక్-మెరిట్ ఫినామినన్ అంటారు. దీనికి మూలమైన కణితి దాదాపు ప్రతిసారీ రెండింటిలో ఒకటి: కపోసిఫార్మ్ హీమాంజియోఎండోథీలియోమా, లేదా దాని దగ్గరి బంధువైన టఫ్టెడ్ యాంజియోమా. మొదటిదాన్ని ఆస్పత్రుల్లో క్లుప్తంగా కేహెచ్‌ఈ అంటారు.

చాలామంది పిల్లల్లో ఇది ఏడాది లోపే బయటపడుతుంది. కొందరిలో పుట్టుకతోనే ఉంటుంది. తొడ మీదనో, భుజం మీదనో, మెడ పక్కనో ముందు ఎర్రటి మచ్చో, ఊదారంగు మచ్చో కనిపిస్తుంది. కొన్ని వారాల్లో, ఒక్కోసారి రోజుల్లోనే, ఆ చోటు ఉబ్బి చర్మం నిగనిగలాడుతుంది. వేలితో నొక్కితే దిగదు, చెక్కలా గట్టిగా ఉంటుంది. చేయి వేస్తే వెచ్చగా తగులుతుంది. అంచుల చుట్టూ దెబ్బ తగిలి కమిలినట్టు నీలం పాకుతుంది. పరీక్ష కోసం మడమ మీద సూది గుచ్చితే ఆ నెత్తురు చుక్క ఆగదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. ఈ పిల్లల్లో అవి 50 వేల లోపుకు, చాలాసార్లు 10 వేల దగ్గరకు పడిపోతాయి. డెసిలీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉండాల్సిన ఫైబ్రినోజెన్ 100 కంటే కిందికి వస్తుంది. కణితి కడుపు వెనక భాగంలో పెరిగితే చర్మం మీద ఏ గుర్తూ ఉండదు. ఆ పిల్లల విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇది ఎంత అరుదో అమెరికాలోని మసాచుసెట్స్ లెక్క చెబుతుంది. బోస్టన్ పిల్లల ఆస్పత్రి వైద్యులు 2013లో ప్రచురించిన పరిశీలన ప్రకారం ఆ రాష్ట్రంలో ఏడాదికి పది లక్షల మంది పిల్లలకు ఒక కొత్త కేసు కూడా లేదు. కేహెచ్‌ఈ వచ్చిన పిల్లల్లో పదిమందికి ఏడుగురిలో ప్లేట్‌లెట్లు పడిపోయే లోపం కూడా ఉన్నట్టు అదే బృందం చూపింది. 2011 జనాభా లెక్కల ప్రకారం, ఇప్పటి హద్దులతో తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా జనం పదిహేను లక్షల పైచిలుకు. ఆ నిష్పత్తినే ఇక్కడికి అన్వయిస్తే, జిల్లా మొత్తం మీద కొన్నేళ్లకు ఒక్క బిడ్డ. ఆర్మూర్ పక్కన పసుపు పండించే భీమ్‌గల్ లాంటి పట్టణంలో పనిచేసే డాక్టర్ తన ఉద్యోగకాలమంతా గడిపినా ఇలాంటి బిడ్డను చూడకపోవచ్చు. చూసిన రోజున గుర్తుపట్టడం మాత్రం ఆ డాక్టర్ చేతిలోనే ఉంటుంది. ఈ జబ్బు వైద్యచరిత్రలో పదేపదే ఎదురయ్యే చిక్కు కూడా అదే. మందు దొరకడానికి పట్టినట్టే, జబ్బును సరిగ్గా గుర్తుపట్టడానికీ చాలాకాలం పట్టింది.

1940లో న్యూయార్క్‌లోని బేబీస్ హాస్పిటల్‌లో పనిచేస్తున్న రేడియాలజిస్టు హైగ్ కాసబాక్, పిల్లల డాక్టర్ క్యాథరిన్ మెరిట్ కలిసి ఒక పసివాడి గురించి రాశారు. ఆ మగబిడ్డకు ఎడమ తొడ మీద రంగు మారిన మచ్చ ఉంది. అది వేగంగా పెరిగి కాలంతా ఆక్రమించింది, వృషణాల సంచి మీదుగా పొట్ట వైపు, ఛాతీ వైపు పాకింది. ఒంటి మీద నెత్తురు మరకలు తేలాయి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. కణితికీ నెత్తురు మరకలకూ సంబంధం ఉందని వాళ్లు కనిపెట్టారు. అంతకు ముందు వైద్యులు ఇలాంటి పిల్లలను చూసి ఉండవచ్చు, కానీ రెండు లక్షణాలను ఒక్క జబ్బుగా కలిపి చూసిన ఘనత ఈ ఇద్దరిదే. అయితే ఆ కణితిని వాళ్లు క్యాపిల్లరీ హీమాంజియోమా అన్నారు. పసిపిల్లల్లో తరచుగా కనిపించే ఎర్రటి, మెత్తటి రక్తనాళాల గడ్డను అప్పట్లో పిలిచే పేరు అది. ఆ గడ్డలు మొదటి ఏడాది పెరిగి, తర్వాత కొన్నేళ్లలో వాటంతట అవే కరిగిపోతాయి. కాసబాక్, మెరిట్ చూసిన కణితి వేరే జాతిదని అప్పటి సూక్ష్మదర్శిని పరిజ్ఞానంతో తేల్చడం కష్టం. ఆ పొరబాటు మరో 57 ఏళ్లు వైద్యగ్రంథాల్లో అలాగే నిలిచిపోయింది.

పొరబాటు వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. మామూలు హీమాంజియోమా పెరిగి పెద్దదైతే ప్లేట్‌లెట్లు పడిపోతాయని పుస్తకాలు చెప్పాయి. దాంతో పెద్ద ఎర్రమచ్చ ఉన్న ప్రతి బిడ్డ విషయంలోనూ అక్కర్లేని భయం పుట్టింది. మరోవైపు నిజమైన కాసబాక్-మెరిట్ బిడ్డకు, కరిగిపోయే గడ్డకు పనికొచ్చే వైద్యమే పనికొస్తుందని ఆశపడ్డారు. రెండు వేర్వేరు జబ్బుల ఫలితాలను ఒకే పట్టికలో కలిపి రాయడంతో, ఏ మందు పనిచేసిందో, ఏ గడ్డ దానంతట అదే తగ్గిందో విడదీయడం కుదరలేదు.

తొలి దశాబ్దాల ప్రధాన ఆయుధం రేడియేషన్. న్యూయార్క్ బిడ్డకు కూడా అదే ఇచ్చారు. ఎక్స్‌రే కిరణాలు, రేడియం వేగంగా పెరిగే కణితిని కుదించగలిగేవి, కొందరు పిల్లలు బతికేవారు కూడా. కానీ పసివాడి తొడ ఎముక చివర ఎదిగే పొర మీద ఆ కిరణాలు పడితే ఎముక ఎదుగుదల ఆగి, పెద్దయ్యాక ఒక కాలు పొట్టిదవుతుంది. కిరణాలు తగిలిన చోట ఏళ్ల తర్వాత క్యాన్సర్ వచ్చే ముప్పూ ఉంది. అందుకే పిల్లల జబ్బుల్లో రేడియేషన్ వాడకం క్రమంగా వెనక్కి తగ్గింది. శస్త్రచికిత్స ఇంకో దారి. చిన్న కణితి అయితే మొత్తంగా కోసి తీసేయవచ్చు, తీసిన వెంటనే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. కానీ ఈ కణితికి స్పష్టమైన అంచులుండవు. కండలోకి, కొవ్వులోకి వేళ్లు దిగినట్టు చొచ్చుకుపోతుంది. గడ్డకట్టని నెత్తురుతో ఉన్న పసిబిడ్డను కత్తికి అప్పగించడం వైద్యులకు ఎప్పుడూ గుండె దడ పుట్టించే నిర్ణయమే. ప్లేట్‌లెట్లు ప్లీహంలో నాశనమవుతున్నాయేమోనన్న ఊహతో కొందరు పిల్లలకు ప్లీహం తీసేసిన రోజులూ ఉన్నాయి. తర్వాతి కాలంలో కణితికి వెళ్లే ధమనులను లోపలి నుంచి మూసేసే ఎంబోలైజేషన్, పైనుంచి గట్టిగా కట్టు కట్టి అదిమి ఉంచడం కూడా ప్రయత్నించారు.

న్యూయార్క్‌లో ఈ జబ్బును తొలిసారి వర్ణించిన నాటికి భీమ్‌గల్ నిజాం రాజ్యంలోని పల్లె ప్రాంతం. పిల్లల జబ్బులకంటూ ప్రత్యేకమైన పెద్ద దవాఖాన హైదరాబాద్‌లోనే ఇంకా లేదు. రాకుమారుడు మొజ్జం జా భార్య నీలోఫర్, తన దగ్గర పనిచేసే ఒక యువతి కాన్పులో చనిపోవడం చూసి తట్టుకోలేక తల్లీపిల్లల కోసం ఆస్పత్రి కావాలని పట్టుబట్టారు. ఆమె పేరుతో రెడ్‌హిల్స్‌లో 1953లో దవాఖాన మొదలైంది. నిజామాబాద్ నుంచి, ఆదిలాబాద్ నుంచి పసిపిల్లలను ఎత్తుకుని వచ్చే కుటుంబాలకు ‘నీలోఫర్‌కు తీసుకుపోండి’ అన్న మాట అప్పటి నుంచి అలవాటైంది. కొద్దికాలానికే, 1955లో, క్యాన్సర్ ఆస్పత్రి, రేడియం ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. మంత్రిగా, తర్వాత గుజరాత్ తొలి గవర్నర్‌గా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరుతో అది ఇప్పుడు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిగా నడుస్తోంది. పిల్లల దవాఖాన, కణితుల దవాఖాన రెండూ రెండేళ్ల తేడాతో ఏర్పడటం ఈ జబ్బు దృష్టితో చూస్తే చెప్పుకోదగ్గ సంగతి. కేహెచ్‌ఈ వచ్చిన బిడ్డకు ఈ రెండు విద్యలూ కావాలి.

1960ల చివర స్టెరాయిడ్లు రంగంలోకి వచ్చాయి. ప్లేట్‌లెట్లు తగ్గిన పిల్లలకు ప్రెడ్నిసోలోన్ ఇచ్చినప్పుడు ఒంటి మీది రక్తనాళాల గడ్డ కూడా కుంచించుకుపోవడం వైద్యులు గమనించారు. 1967లో జారెమ్, ఎడ్గర్టన్ అనే ఇద్దరు సర్జన్లు దీన్ని ప్రచురించాక స్టెరాయిడ్ నలభై ఏళ్లపాటు హీమాంజియోమాలకు మొదటి మందుగా నిలిచింది. కాసబాక్-మెరిట్ పిల్లల్లో కొందరికి మేలు చేసింది, మరికొందరిలో ఏ ఫలితమూ చూపలేదు. 1992లో బోస్టన్ వైద్యులు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా గురించి రాసినప్పుడు కొత్త ఆశ పుట్టింది. కొన్నేళ్లకే ఆ మందు తీసుకున్న కొందరు పసివాళ్ల కాళ్లు బిగుసుకుపోయి నడక దెబ్బతిన్నట్టు తేలింది. బతికించడానికి ఇచ్చిన మందు నాడులను గాయపరచడంతో ఏడాది లోపు పిల్లలకు దాన్ని ఇవ్వడం చాలావరకు మానేశారు.

ఇన్ని మందులు మారుతున్నా జబ్బు గుర్తింపు మారలేదు. ఆ పనికి పునాది 1982లో పడింది. బోస్టన్‌లో జాన్ ముల్లికెన్, జూలీ గ్లోవాకీ రక్తనాళాల మచ్చలన్నిటినీ రెండుగా విడదీశారు: కణాలు వేగంగా చీలుతూ పెరిగేవి కణితులు, పుట్టుకతో నిర్మాణంలోనే తేడా ఉండి బిడ్డతో పాటు పెరిగేవి వైకల్యాలు. 1993లో లారెన్స్ జుకర్‌బర్గ్, బ్రయన్ నికోలాఫ్, షారన్ వీస్ పిల్లల్లో కనిపించే ఒక కణితిని సూక్ష్మదర్శిని కింద ప్రత్యేకంగా వర్ణించి కపోసిఫార్మ్ హీమాంజియోఎండోథీలియోమా అని పేరు పెట్టారు. కదురు ఆకారంలోని కణాలు పరచుకుని ఉండటం, చీలికల్లాంటి సన్నటి రక్తనాళాలు, వాటి మధ్య చిక్కుకున్న ప్లేట్‌లెట్లు దాని గుర్తులు. ఇక 1997లో రెండు నగరాల నుంచి ఒకే తీర్పు వచ్చింది. పారిస్‌లో ఓడీల్ ఆంజోల్రా బృందం, బోస్టన్‌లో ముల్లికెన్ బృందం తమ దగ్గరి కాసబాక్-మెరిట్ పిల్లల కణితి ముక్కలను మళ్లీ తీసి చూశారు. రెండు చోట్లా ఇరవైకి పైగా పిల్లలు. ఒక్కరిలోనూ మామూలు హీమాంజియోమా లేదు. ఉన్నది కేహెచ్‌ఈ, లేదా టఫ్టెడ్ యాంజియోమా.

2000 సంవత్సరంలో ఈ తేడాకు గట్టి సాక్ష్యం దొరికింది. మామూలు హీమాంజియోమా కణాల మీద గ్లట్-1 అనే ప్రోటీన్ ఉంటుంది, కేహెచ్‌ఈ కణాల మీద ఉండదు. చిన్న ముక్క తీసి రంగు పరీక్ష చేస్తే రెండింటినీ విడదీయవచ్చు. కేహెచ్‌ఈ కణాల మీద లింఫ్ నాళాల్లో కనిపించే పోడోప్లానిన్ ఉంటుంది. ప్లేట్‌లెట్ల మీద దానికి అతుక్కునే క్లెక్-2 అనే గ్రాహకం ఉంది. రెండూ తగిలితే ప్లేట్‌లెట్ ఉత్తేజితమై అక్కడే అంటుకుపోతుంది. కణితి ప్లేట్‌లెట్లను ఎందుకు మింగుతుందో చాలావరకు దీనితో అర్థమైంది. 2008లో బోర్డో నగరంలో క్రిస్టీన్ లియోటే-లాబ్రేజ్ ప్రొప్రానొలాల్ అనే బీపీ మందు మామూలు హీమాంజియోమాను కరిగిస్తుందని చూపినప్పుడు ఈ విభజన విలువ మరింత తెలిసింది. హీమాంజియోమా పిల్లలకు ఆ మందు వరమైంది. కాసబాక్-మెరిట్ బిడ్డ విషయంలో దాని మీదే నమ్మకం పెట్టుకుని కూర్చుంటే విలువైన వారాలు పోతాయి.

జబ్బు పనిచేసే తీరు తెలిశాక అన్నిటికంటే పెద్ద మార్పు ప్లేట్‌లెట్లు ఎక్కించే విషయంలో వచ్చింది. నిజామాబాద్ జిల్లాలో ప్లేట్‌లెట్ అన్న మాట తెలియని ఇల్లు ఇప్పుడు లేదు. వానాకాలం డెంగీ జ్వరాలు వస్తే, ‘ప్లేట్‌లెట్లు ఎన్నున్నయ్?’ అనే ప్రశ్న బస్టాండులో కూడా వినిపిస్తుంది. సంఖ్య పడిపోతే ఎక్కించాలన్న ఆత్రం రోగి చుట్టాలకే కాదు, కొన్నిసార్లు దవాఖానకూ ఉంటుంది. కాసబాక్-మెరిట్ బిడ్డలో ఆ ఆత్రం హాని చేస్తుంది. ఎక్కించిన ప్లేట్‌లెట్లు గంటల్లోనే కణితిలో చిక్కుకుంటాయి. కణితి ఇంకా ఉబ్బుతుంది, నొప్పి పెరుగుతుంది, గడ్డకట్టే పదార్థాలు మరింతగా ఖర్చవుతాయి. అగ్నికి ఆజ్యం పోసినట్టే. అందుకే నెత్తురు కారుతున్నప్పుడో, ఆపరేషన్‌కు ముందో తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించకూడదని నిపుణుల సలహా. ఫైబ్రినోజెన్ బాగా తగ్గి రక్తస్రావం ఉంటే ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే క్రయోప్రెసిపిటేట్ అనే రక్తభాగం, అవసరమైతే ప్లాస్మా ఇస్తారు. కాగితం మీద 8 వేలు అని కనిపిస్తున్నా బిడ్డకు నెత్తురు కారడం లేదని ఎదురుచూడటం డాక్టర్‌కూ కష్టమే, తల్లికి ఇంకా కష్టం. ఆ నిగ్రహం ఈ వైద్యంలో ఏ మందుకూ తీసిపోదు.

మందుల్లో అసలు మలుపు తెలుగు పెరళ్లలో పూసే ఒక మొక్కతో వచ్చింది. బిల్లగన్నేరు తెల్లగానో గులాబీ రంగులోనో ఏడాది పొడుగునా పూస్తుంది. ఆకు తుంచితే పాలు కారుతాయి, చేదు వల్ల పశువులు ముట్టవు. మడగాస్కర్ నుంచి ప్రపంచమంతా పాకిన ఈ మొక్క ఆకుల్ని కొన్ని దేశాల్లో చక్కెర వ్యాధికి వాడేవారు. 1950ల్లో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ గుణాన్ని పరీక్షించబోయి, ఆకు రసం తెల్లరక్తకణాలను తగ్గిస్తోందని గమనించారు. వాళ్లు విన్‌బ్లాస్టిన్‌ను విడదీశారు. ఎలై లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వోబోడా బృందం అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ తీసింది. 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆకులో విన్‌క్రిస్టిన్ అతి స్వల్పం. ఒక్క గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకులు కావాలి. భారత్‌లో పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ సాయంతో సిప్లా 1980ల్లో ఈ మందులను తయారుచేయడంతో దేశంలోని పిల్లల వార్డులకు అవి అందుబాటు ధరలోకి వచ్చాయి.

పిల్లలకు ఇలాంటి మందులు ఇవ్వవచ్చన్న ధైర్యానికి వెనక మరో తెలుగు బంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల నుంచే అమినోప్టెరిన్ పుట్టింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందుతో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని 1948లో చూపాడు. పిల్లల కీమోథెరపీ చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. సుబ్బారావు అదే ఏడాది కన్నుమూశారు. తర్వాత పిల్లల లుకేమియాలో విన్‌క్రిస్టిన్ ప్రధాన మందైంది. దాన్ని చేతిలో పెట్టుకుని ఏళ్లుగా అనుభవం గడించిన వైద్యులే 1990ల్లో మొండికేసిన కాసబాక్-మెరిట్ పిల్లలకు ఇచ్చి చూశారు. 2002లో ఆంజోల్రా, ఇలోనా ఫ్రీడెన్ తదితరులు పలు ఆస్పత్రుల పిల్లల ఫలితాలు కలిపి ప్రచురించారు. చాలామందిలో కొన్ని వారాల్లో ప్లేట్‌లెట్లు పెరిగాయి, కణితి కుదించుకుపోయింది. 2013లో అమెరికా, కెనడా నిపుణులు కలిసి రాసిన మార్గదర్శకం ప్రెడ్నిసోలోన్‌తో పాటు వారానికోసారి విన్‌క్రిస్టిన్‌ను మొదటి వైద్యంగా నిర్ణయించింది.

విన్‌క్రిస్టిన్‌తో పని అంత తేలిక కాదు. సిరలోకే వెళ్లాలి; సూది పక్కకు జారి మందు చర్మం కిందికి చేరితే కండ మాడిపోతుంది. వెన్నులోకి పొరపాటున ఇస్తే ప్రాణం పోతుంది. సన్నటి సిరలున్న పసివాడికి ఛాతీలోని పెద్ద సిరలో గొట్టం అమర్చాలి. గడ్డకట్టని నెత్తురుతో ఉన్నప్పుడు అదే ఒక ఆపరేషన్. ఇక వారం వారం ఆస్పత్రికి రావాలి. భీమ్‌గల్ ప్రాంతంలో గల్ఫ్‌కు వెళ్లిన తండ్రులు, ఇంట్లో బీడీలు చుట్టే తల్లులు ఉన్న కుటుంబాలు ఎన్నో. జనవరి నుంచి పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడంతో పొలంలోనూ ఇంట్లోనూ తీరిక ఉండదు. పంట నిజామాబాద్ మార్కెట్ యార్డులో అమ్ముడుపోయే దాకా చేతిలో డబ్బు ఆడదు. అలాంటి ఇంటికి, ఆర్మూర్ దాటి జాతీయ రహదారి మీద హైదరాబాద్ దాకా వారానికోసారి బిడ్డతో ప్రయాణం మోయలేని భారం. మందు పనిచేస్తుందా అన్న ప్రశ్న పక్కనే, బిడ్డ ప్రతివారం రాగలదా అన్న ప్రశ్న కూడా వైద్యంలో భాగమే.

ఆ భారాన్ని తగ్గించిన మందు నోటితో తీసుకునే సిరోలిమస్. దాని కథ 1964లో పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవికి వెళ్లిన కెనడా వైద్య బృందంతో మొదలవుతుంది. అక్కడి జనం దీవిని రాపా నూయీ అంటారు. ఆ బృందంలోని జార్జ్ నోగ్రాడీ పలుచోట్ల మట్టి నమూనాలు తీశాడు. వాటిని మాంట్రియల్‌లోని ఏయర్స్ట్ కంపెనీ పరీక్షించింది. పంజాబ్‌లోని ఖుషాబ్‌లో 1932లో పుట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివి, బ్రిస్టల్‌లో పరిశోధన చేసిన సురేన్ సెహగల్ ఆ మట్టిలోని బ్యాక్టీరియా నుంచి ఒక పదార్థాన్ని విడదీసి, దీవి పేరుతో రాపమైసిన్ అన్నాడు; సిరోలిమస్ దాని మరో పేరే. 1980ల మొదట్లో కంపెనీ మాంట్రియల్ ప్రయోగశాల మూసేసి, ఆ పని ఆపేయమంది. సెహగల్ ఆ బ్యాక్టీరియా పెంపకాన్ని పారేయలేదు. సీసాలో భద్రంగా మూసి ఇంటి ఫ్రీజర్‌లో దాచుకుని కొత్త ఊరికి తీసుకెళ్లాడు. కొన్నేళ్ల తర్వాత యాజమాన్యం మారినప్పుడు పరిశోధన మళ్లీ మొదలుపెట్టించాడు. 1999లో మూత్రపిండ మార్పిడి రోగుల కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక శాస్త్రవేత్త పట్టుదల లేకపోతే ఈ మందు చరిత్రలో కలిసిపోయేది.

కణాల పెరుగుదలను అదుపుచేసే ఎంటార్ అనే ప్రోటీన్‌ను సిరోలిమస్ నెమ్మదింపజేస్తుంది. రక్తనాళాల, లింఫ్ నాళాల పెరుగుదల కూడా ఆ దారిలోనే నడుస్తుంది. 2010లో ఏ వైద్యానికీ లొంగని ఒక కేహెచ్‌ఈ బిడ్డకు ఈ మందు ఇస్తే తగ్గిందన్న నివేదిక వచ్చింది. సిన్‌సినాటి, బోస్టన్ ఆస్పత్రుల్లో డెనీస్ ఆడమ్స్ నడిపించిన అధ్యయనం 2016లో వెలువడింది. అందులోని కాసబాక్-మెరిట్ పిల్లలందరిలోనూ మెరుగు కనిపించింది. తర్వాత చైనాలోని చెంగ్డూ నగరంలో వెస్ట్ చైనా ఆస్పత్రి వైద్యులు పిల్లలను రెండు గుంపులుగా చేసి పరీక్షించారు. ఫలితం 2022లో వచ్చింది. సిరోలిమస్‌తో పాటు కొంతకాలం ప్రెడ్నిసోలోన్ ఇచ్చిన వాళ్లలో నాలుగు వారాలకు దాదాపు 95 శాతం మంది ప్లేట్‌లెట్లు నిలకడగా పెరిగాయి. సిరోలిమస్ ఒక్కటే ఇచ్చిన వాళ్లలో ఆ సంఖ్య 67 శాతం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు కావడంతో పసివాళ్లలో ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ వచ్చి చనిపోయిన సంఘటనలూ నమోదయ్యాయి. అందువల్ల న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రాకుండా కో-ట్రైమాక్సజోల్ కలిపి ఇస్తారు. రక్తంలో మందు స్థాయి కొలుస్తారు. ఆ కాలంలో బతికున్న క్రిములతో చేసే టీకాలు వాయిదా వేస్తారు. ఈ కొలతలు జిల్లా స్థాయిలో దొరకడం ఇప్పటికీ కష్టం. మోతాదు నిర్ణయం హైదరాబాద్‌లో జరిగినా, ప్లేట్‌లెట్ లెక్క, జ్వరం పరిశీలన నిజామాబాద్‌లో జరగవచ్చు. అక్కడ 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యాక ఇలా పంచుకుని వైద్యం చేయడానికి వీలు పెరిగింది.

మొదటి రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతుందన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. నెలన్నరకు పసివాళ్ల తొడకు టీకా వేస్తారు. ఆ చోట చిన్నగా వాపు రావడం మామూలు. సరిగ్గా అదే వయసులో, అదే చోట కేహెచ్‌ఈ ఉబ్బితే టీకా గడ్డ అనుకోవడం సహజం. టీకా వాపు కొన్ని రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. ఊదారంగు తిరిగి, గట్టిపడి, పెరుగుతూ పోయేది టీకా గడ్డ కాదు. పసుపు పండే ఊళ్లో ఏ వాపుకైనా ముందు పసుపు పట్టు వేస్తారు. చర్మం పైన పూసిన పసుపు పెద్దగా చెరుపు చేయదు గానీ మచ్చ రంగును కప్పేస్తుంది, రోజులు గడిచిపోతాయి. పసుపులోని కర్కుమిన్ ఇచ్చాక కాలేయంలోని హీమాంజియోఎండోథీలియోమా తగ్గిన ఒక పసిబిడ్డ గురించి 2010లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. అది ఒక్క బిడ్డ సంగతి, అదీ వేరే రకం కణితి. దాన్ని బట్టి వైద్యం నిర్ణయించలేం. వాతలు పెట్టడం, గడ్డను గుచ్చి చీము తీయబోవడం, చురుకైన మర్దన మాత్రం ఈ పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. కండకు ఇచ్చే సూది మందులు, ఆస్పిరిన్ లాంటి నొప్పి మందులు వైద్యుడి సలహా లేకుండా వాడకూడదన్నదీ అందుకే. ఉబ్బిన ఊదా గడ్డ ఉన్న పసివాడికి మామూలు రక్త పరీక్షలో ప్లేట్‌లెట్ సంఖ్య చూడటమే తొలి పరీక్ష. అది భీమ్‌గల్‌లోనూ ఆర్మూర్‌లోనూ చేయించగలిగిందే. ఫైబ్రినోజెన్, డీ-డైమర్ అనే రక్త పరీక్షలు, ఎంఆర్ఐ స్కాన్ తర్వాతి మెట్లు.

ప్రయాణం, ఖర్చు విషయంలో ఈ శతాబ్దంలో కొన్ని ద్వారాలు తెరుచుకున్నాయి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించే బృందాలు తిరుగుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచింది. కేంద్రం 2021లో అరుదైన వ్యాధుల విధానం ప్రకటించి, హైదరాబాద్‌లోని జన్యు పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆస్పత్రి రెండింటినీ కలిపి ఒక ప్రత్యేక కేంద్రంగా గుర్తించింది. సిరోలిమస్‌ను భారతీయ కంపెనీలే తయారుచేస్తున్నాయి.

ఒకప్పుడు ఈ స్థితిలో ఉన్న పిల్లల్లో అయిదుగురికి ఒకరు, కొన్ని నివేదికల్లో ముగ్గురికి ఒకరు చనిపోయేవారు. ఇప్పుడు సమయానికి వైద్యం మొదలైన పిల్లల్లో చాలామంది బతుకుతున్నారు. ప్లేట్‌లెట్లు సరైనంత మాత్రాన కణితి పూర్తిగా పోదు. లోపల పీచుగా మారిన భాగం మిగులుతుంది. కొందరిలో కీలు బిగుసుకుపోతుంది, నొప్పి వస్తుంది, కాలు వాస్తుంది. మందు ఆపిన నెలల తర్వాత మళ్లీ పెరగనూవచ్చు. అందుకే సిరోలిమస్‌ను ఒక్కసారిగా ఆపరు, నెమ్మదిగా తగ్గిస్తారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి, బిడ్డ నడక నేర్చి బడికి వెళ్లే వయసు దాటే దాకా, కాలు పొడవు, కీళ్ల కదలిక, రక్త పరీక్ష చూస్తూనే ఉంటారు. జ్వరం వచ్చినా, మచ్చ మళ్లీ రంగు మారినా పాత డిశ్చార్జి కాగితాలతో సహా దగ్గర్లోని డాక్టర్‌కు చూపించమని తల్లిదండ్రులకు చెప్పి పంపుతారు.